నాపరాయి మీద ఫెర్న్ ఆకులు: ఇది శిలాజమేనా?

వాకిలి | శనివారం ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నంద్యాలలో ఇల్లు కట్టుకుంటున్నాం. వరండాలో పరచడానికి బేతంచెర్ల నుంచి బండలు తెప్పించాం. నిన్న మేస్త్రి వాటిని ఏరుతూ ఒక బండను గోడకు ఆనించి, "అమ్మా, దీనిలో చెట్టు ఉంది చూడండి" అని పిలిచాడు. నిజంగానే ఉంది. బూడిదరంగు రాయి మీద నల్లటి ఫెర్న్ ఆకులు, అరచేయంత వెడల్పున, పక్కపక్కన ఐదారు. సన్నని కొమ్మలు, వాటికి రెమ్మలు, ఆ రెమ్మలకు మళ్లీ రెమ్మలు. ఎవరో సిరాతో గీసినట్టు ఉన్నాయి. ఫొటో పెట్టాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. ఇది డైనోసార్లకంటే ముందటి మొక్క అని, సోమవారం బడికి ఫొటో తీసుకెళ్లి అందరికీ చెబుతానని పట్టుబడుతోంది. చెప్పే ముందు నిజమేమిటో తెలుసుకుందామని అడుగుతున్నాను. ఇది శిలాజమేనా? అయితే ఎన్నేళ్ల నాటిది? ఈ ఒక్క బండను పక్కన పెట్టించాను.

రెండో షిఫ్టు | శనివారం ఉదయం 9:25

అమ్మా, ఫొటో పెద్దది చేసి చూశాను. నేను శాస్త్రం చదివినవాణ్ణి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు సింగరేణి గనుల్లో పనిచేశాను, రాతిలో ఆకులు చాలా చూశాను. బొగ్గు తీశాక పైకప్పుగా మిగిలే నల్లటి పలకరాయిలో, టోపీ దీపం వెలుగు ఏటవాలుగా పడినప్పుడు కనిపించేవి. నాలుక ఆకారం. నడుమ ఒక ఈనె, దాని నుంచి అంచుదాకా వల అల్లినట్టు సన్నని ఈనెలు. కొన్ని జానెడు పొడవు ఉండేవి. భోజనాల వేళ కొత్త పిల్లలను పిలిచి చూపించేవాణ్ణి.

మీ బండ మీద ఉన్నదానికి ఆ నడిమి ఈనె లేదు. అంచు కూడా లేదు. ఆకు అన్నాక ఇక్కడితో అయిపోయింది అని తెలిపే గీత ఒకటి ఉంటుంది కదా. ఇది అలా ఆగినట్టు లేదు, రాయి మీద పాకినట్టు ఉంది. ఆకు కాదేమోనని నా అనుమానం. తెలిసిన పెద్దలు చెప్పాలి.

పొరలు | శనివారం ఉదయం 11:10

రెండో షిఫ్టు గారు సరిగ్గా పట్టుకున్నారు. భూగర్భశాస్త్రంలో నలభై ఏళ్లు గడిపిన నేను కూడా మొదట చూసేది అదే: ఈనె, అంచు.

వాకిలి గారూ, మీ బండ మీద ఉన్నది మొక్క కాదు. వీటిని డెండ్రైట్లు అంటారు. రాతిలో సన్నని చీలిక ఉంటుంది. మాంగనీసు, ఇనుము కరిగిన నీరు ఆ చీలికలోకి చేరి మెల్లగా పాకుతుంది. పాకిన దారిలో నల్లటి ఖనిజం పేరుకుంటుంది. రాయి గట్టిపడిన ఎంతో కాలానికి కూడా ఇది జరుగుతుంది. మీ ఫొటోలో కొమ్మలన్నీ బండ ఎడమ అంచు నుంచే మొదలయ్యాయి, గమనించారా? నీరు లోపలికి వచ్చిన వైపు అదే.

పాపను మూడు పనులు చేయమనండి. భూతద్దం పెట్టి ఈనెలు, కణాల గుర్తులు ఏమైనా ఉన్నాయేమో వెతకాలి. వేలితో తడిమి ఎత్తుపల్లాలు ఉన్నాయేమో చూడాలి. ఒక మూల గుండుసూదితో గీకాలి. నల్లటి పొడిగా రాలి కింద మామూలు రాయి కనిపిస్తే సందేహం తీరినట్టే.

రెండో షిఫ్టు గారు చూసిన నాలుక ఆకులు మాత్రం అసలైన శిలాజాలు. వాటి పేరే గ్లోసాప్టెరిస్, గ్రీకులో గ్లోసా అంటే నాలుక. 25 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లవి. మన గోదావరి లోయ బొగ్గులో పెద్ద భాగం ఆ అడవులదే. అవే ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా దొరుకుతాయి. దక్షిణ ధ్రువం చేరి తిరిగివస్తూ 1912లో మంచులో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం దాదాపు 16 కిలోల రాళ్లను చివరిదాకా వదలకుండా లాక్కొచ్చింది. శవాలతోపాటు దొరికిన ఆ రాళ్లలో ఉన్నది ఈ గ్లోసాప్టెరిస్ ఆకులే. మంచుఖండంలోనూ మందమర్రిలోనూ ఒకే చెట్టు ఎందుకుందంటే, అప్పట్లో ఆ నేలలన్నీ ఒక్కటే. ఆ మహాఖండానికి పెట్టిన గోండ్వానా అన్న పేరు మన గోండుల నేల నుంచి వెళ్లిందే.

రెండో షిఫ్టు | శనివారం ఉదయం 11:32

ఇన్నేళ్లు నా తల మీద వేలాడిన ఆకు అక్కడ మంచులో కూడా ఉందా! ఈ మాట నా మనవడికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

వాకిలి | శనివారం మధ్యాహ్నం 1:05

గీకి చూసింది. నల్లటి పొడి రాలింది. కింద మామూలు రాయే. ముఖం చిన్నబోయింది, అన్నం కూడా సగంలో వదిలేసింది. పొరలు గారూ, ఒక చిన్న సందేహం. ఈ ఒక్క బండ సంగతి సరే, బేతంచెర్ల రాళ్లలో ఇంకెక్కడైనా నిజం ఫెర్న్ దొరికే అవకాశం ఉందా?

పొరలు | శనివారం మధ్యాహ్నం 2:20

లేదు. అది ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగా చెప్పాలి. పాపను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

బేతంచెర్ల నాపరాయి అంటే సున్నపురాయి, ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అది పేరుకున్న కాలానికి భూమి మీద ఆకు అనేదే లేదు. నేల మీద మొక్కలు మొదలైంది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. ఫెర్నులు అంతకంటే తర్వాత. మీ బండ వాటన్నిటికంటే పాతది. కాబట్టి నేను భూతద్దం పట్టకుండానే, అది బేతంచెర్ల నాపరాయి అని మీరు చెప్పగానే, ఫెర్న్ కాదని అనుకున్నాను. కాకతీయుల శాసనంలో కరెంటు బిల్లు ప్రస్తావన ఉందని ఎవరైనా అంటే మీరు శాసనం చూడకుండానే అనుమానిస్తారు కదా, అలాగే.

పరిణామ సిద్ధాంతం తప్పని ఎలా రుజువవుతుంది అని అడిగితే జె.బి.ఎస్. హాల్డేన్ "కేంబ్రియన్‌కు ముందటి రాళ్లలో కుందేలు శిలాజం దొరికితే చాలు" అన్నారని చెబుతారు. కేంబ్రియన్ అంటే సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట మొదలైన యుగం. ఆయన బ్రిటన్‌లో పుట్టిన గొప్ప జన్యుశాస్త్రవేత్త. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు, ఈ దేశ పౌరసత్వం తీసుకున్నారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. పాపకు చెప్పండి, నిన్న రాత్రి తను చూసింది సరిగ్గా ఆయన చెప్పిన కుందేలు లాంటిదే. అంత పాత రాతిలో నిజంగా ఫెర్న్ ఉండి ఉంటే ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలన్నీ తిరగరాయాల్సి వచ్చేది. ఆ పరీక్షను తన గుండుసూదితో తనే చేసింది. అన్నం వదిలేయాల్సిన పని కాదు ఇది.

సందేహి | శనివారం సాయంత్రం 4:45

నాకు ఇక్కడే ఇబ్బంది. పొరలు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. శిలాజం వయసు ఎంత అంటే అది ఉన్న పొరను బట్టి చెబుతారు. పొర వయసు ఎంత అంటే అందులోని శిలాజాన్ని బట్టి చెబుతారు. ఇది గానుగెద్దులా తిరగడం కాదా? మొక్కలు లేని కాలం కాబట్టి మొక్క కాదు అంటున్నారు. మొక్క దొరికినా ముందే కాదనేస్తే ఇక దొరికేది ఎప్పుడు?

పొరలు | శనివారం సాయంత్రం 6:30

మంచి ప్రశ్న. చివరి భాగం ముందు చెబుతాను. నేను ముందే అనుమానించాను గానీ అంతటితో ఆగలేదు. గీకి చూడమన్నాను. కింద ఈనెలు తేలి ఉంటే ఈ రాత్రికే నంద్యాల బస్సు ఎక్కేవాణ్ణి.

ఇక గానుగెద్దు సంగతి. పొరల వరుస డార్విన్ పుట్టించింది కాదు. ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వించిన సర్వేయరు విలియం స్మిత్, ఏ పొర మీద ఏ పొర వస్తుందో, ఏ పొరలో ఏ గవ్వలు ఉంటాయో రాసుకుంటూ 1815లో దేశమంతటికీ భూగర్భ పటం అచ్చువేశాడు. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. అంటే పరిణామం అన్న ఆలోచన ఊపందుకోక ముందే, బొగ్గు కోసం, కాలువల కోసం తవ్వినవాళ్లు ఈ వరుసను గుర్తించారు. కింది పొర ముందు పేరుకుంటుంది, పై పొర తర్వాత. ధాన్యం గాదెలో అడుగున ఉన్నది ముందు పోసిన పంట అని చెప్పడానికి సిద్ధాంతం అక్కర్లేదు.

కానీ వరుస వయసు చెప్పదు. వయసు అగ్నిశిలలు చెబుతాయి. మా కడప జిల్లానే తీసుకోండి. వేంపల్లె సున్నపురాయి పొరల పైన మరికొన్ని పొరలు, వాటి పైన తాడిపత్రి పొరలు ఉన్నాయి. ఆ తాడిపత్రి పొరల్లోకి పులివెందుల దగ్గర భూమి లోపలి నుంచి కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చి గట్టిపడింది. దానిలోని స్ఫటికాల్లో యురేనియం ఉంటుంది. అది ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతుంది. యురేనియం-238 అయితే సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు. యురేనియం ఎంత మిగిలింది, సీసం ఎంత చేరింది అని లెక్కిస్తే ఆ రాయి వయసు 188 కోట్ల ఏళ్లని వచ్చింది. శిలాద్రవం చొచ్చుకొచ్చిన పొర దానికంటే ముందే ఉండాలి. ఆ పొర కింద ఉన్న వేంపల్లె రాయి ఇంకా ముందటిదై ఉండాలి. ఈ లెక్కలో ఎక్కడా శిలాజం ప్రమేయం లేదు, చూడండి.

అందరూ "కార్బన్ పరీక్ష చేశారా" అని అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. కార్బన్-14 సగానికి తగ్గేది 5,730 ఏళ్లలో. 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. డైనోసార్ ఎముకకు ఆ పరీక్ష చేయడం, బంగారం తూచే త్రాసులో లారీని పెట్టడం లాంటిది.

పెర్త్ తెలుగు | శనివారం రాత్రి 9:15

వేంపల్లె పేరు చూసి రాస్తున్నాను, మాది ఆ పక్క ఊరే. ఆ రాళ్లలో శిలాజాలు ఉన్నాయి కదా పొరలు గారూ? క్యాబేజీని అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా ఉండేవి. చిన్నప్పుడు మేం వాటి మీద కూర్చుని చింతకాయలు తినేవాళ్లం. అవేమిటో ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లయ్యాక తెలిసింది. పెర్త్ నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు ఉత్తరాన షార్క్ బే ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నల్లటి దిమ్మెలు వరుసగా ఉంటాయి. సూక్ష్మజీవులు పొర మీద పొరగా కడుతున్న దిమ్మెలవి, ఇప్పటికీ పెరుగుతున్నాయి. పేరు స్ట్రోమటోలైట్లు. చెక్క వంతెన మీద నిలబడి వాటిని చూస్తుంటే కళ్ల ముందు మా ఊరి బండలే కనిపించాయి. నా భార్యకు చెబితే నమ్మలేదు, మా అన్నయ్యతో ఫొటో తీయించి తెప్పించాను.

పొరలు | శనివారం రాత్రి 9:50

అవే. 188 కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిని కట్టినవి సైనోబ్యాక్టీరియా. ఎండను వాడుకుని ఆక్సిజన్ వదిలిన జీవులు. గాలిలో ఆక్సిజన్ నిండింది ఇటువంటి వాటి వల్లే. వాకిలి గారూ, అమ్మాయి నిజం శిలాజం కావాలంటే ఫెర్న్ కోసం వెతకనక్కర్లేదు. ఫెర్న్ కంటే ఎంతో పాతవి మీకు ఒక్క పూట ప్రయాణంలో ఉన్నాయి.

గోదావరి గట్టు | ఆదివారం ఉదయం 7:30

ఈ విషయం మన పెద్దలకు ముందే తెలుసునని నా నమ్మకం. మొదట చేప, తర్వాత తాబేలు, తర్వాత వరాహం, తర్వాత నరసింహం, ఆ తర్వాత మనిషి. దశావతారాల వరుస పరిణామ క్రమమే కదా.

పదో తరగతి బి | ఆదివారం ఉదయం 8:15

గోదావరి గట్టు గారూ, నేను ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా ఇంట్లోనూ దశావతారాల పటం ఉంది, రోజూ దీపం పెడతాను. అయినా తరగతిలో ఈ పోలిక వాడడం మానేశాను. కారణం చెబుతాను. అది విన్న పిల్లలు పరిణామాన్ని నిచ్చెన అనుకుంటారు. చేప ఒక మెట్టు, తాబేలు ఒక మెట్టు, చివరి మెట్టు మీద మనం. అలా అనుకున్న మర్నాడే "కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి" అని అడుగుతారు.

పరిణామం కొమ్మలు వేసే చెట్టు. ఇప్పటి కోతి మనకు తాత కాదు, దాయాది. మనకూ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60 నుంచి 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. వారి సంతానంలో ఒక పాయ ఇటు, ఒక పాయ అటు. మా పెదనాన్న పిల్లలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, నేను పట్నం వచ్చాను. నేను వచ్చాను కాబట్టి వాళ్లు ఉండకూడదని ఎవరూ అనరు కదా. చెరువులోని కొర్రమీను కూడా వెనకబడిపోయిన జీవి కాదు. దాని నీటికి అది తగినట్టుగా మారుతూ ఇప్పటిదాకా వచ్చింది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తీసేసిన వార్త చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. పదో తరగతి తర్వాత ఎక్కువమంది పిల్లలు జీవశాస్త్రం చదవరు. ఆ పాఠం వాళ్లకు అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

సందేహి | ఆదివారం ఉదయం 10:05

టీచరు గారూ, దాయాదుల పోలిక బాగుంది. కానీ పరిణామం జరుగుతుండగా చూసినవాళ్లు ఎవరున్నారు? కోట్ల ఏళ్లు అంటే ఎవరూ చూడలేదని ఒప్పుకున్నట్టే కదా.

నల్లరేగడి | ఆదివారం ఉదయం 11:40

నేను చూశాను. నా పత్తి చేనులోనే చూశాను.

మాది ఆదిలాబాద్ జిల్లా, ఎనిమిది ఎకరాలు. 2002లో దేశంలోకి బీటీ పత్తి వచ్చింది. పురుగును చంపే విషం మొక్కలోనే తయారవుతుంది. మొదటి ఏళ్లలో మందు డబ్బా ముట్టుకోవలసిన పని లేకపోయింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. ఇక పురుగు గొడవ జీవితంలో ఉండదనుకున్నాం. కొన్నేళ్లకు గుడ్డి పూలు కనిపించాయి. పువ్వు విచ్చుకోదు, రేకులు ముడుచుకుని ఉంటాయి, విప్పితే లోపల గులాబీ రంగు పురుగు. పైకి కాయ నిండుగా ఉంటుంది, పగలగొడితే దూది రంగు మారి గింజ తినేసి ఉంటుంది. అదే విత్తనం, అదే చేను. పురుగు మారింది. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి విషానికి ఈ పురుగు లొంగడం లేదని తేలింది. తర్వాత రెండోదానికీ లొంగలేదు.

విత్తనం ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు వరుసలు వేయాలి. ఆ వరుసల్లో పురుగు పడుతుందని, ఎకరంలో అంత నేల ఎందుకు వదులుకోవాలని నేను వేయలేదు. మా ఊళ్లో వేసినవాళ్లు నాకు గుర్తులేరు. అది ఎందుకు వేయమన్నారో ఆనాడు ఎవరూ మాకు అర్థమయ్యేలా చెప్పలేదు. పురుగు విషానికి అలవాటు పడిందని తర్వాత అనుకున్నాం.

పదో తరగతి బి | ఆదివారం మధ్యాహ్నం 12:30

నల్లరేగడి గారూ, మీ మాటను ఈసారి తరగతిలో చెబుతాను. అందులో ఒక్క పదం మాత్రం మారుస్తాను: "అలవాటు పడింది".

ఏ పురుగూ అలవాటు పడలేదు. విషం తిన్న మామూలు పురుగు చచ్చిపోయింది, అంతే. కానీ లక్షల పురుగుల్లో ఏ కొన్నిటిలోనో పుట్టుకతోనే చిన్న తేడా ఉంది. బీటీ రాకముందు ఆ తేడాకు విలువ లేదు. బీటీ వచ్చాక బతికినవి అవే. చేను నిండా మిగిలిన రెక్కల పురుగులు అవే కాబట్టి అవి వాటితోనే జతకట్టాయి. పిల్లలకూ ఆ తేడా వచ్చింది. అలా ఏడాదికి కొన్ని తరాలు. తేడాలు ఉండాలి, అవి పిల్లలకు రావాలి, కొన్ని తేడాలున్నవే ఎక్కువగా బతికి పిల్లలను కనాలి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం అంటే ఇదే.

ఆ ఐదు వరుసల పని ఇప్పుడు తెలుస్తుంది. మామూలు పత్తి మీద మామూలు పురుగులు చావకుండా పెరగాలి. అవి ఎగిరివచ్చి, బతికి బయటపడిన ఆ కొద్దిపాటి మొండి పురుగులతో జతకట్టాలి. అప్పుడు పుట్టే పిల్లలు చాలావరకు విషానికి లొంగుతాయి. పురుగును పెంచడానికే ఆ వరుసలు వేయమన్నారు. పరిణామం తెలియనివాళ్లకు అది పిచ్చిపనిలా కనిపిస్తుంది, మీ తప్పేమీ లేదు. ఈ పాఠం రైతు బిడ్డలకు ఎందుకు కావాలో ఇంతకంటే నేను చెప్పలేను.

నల్లరేగడి | ఆదివారం మధ్యాహ్నం 12:52

ఇరవై ఏళ్లకు ఆ గింజల అర్థం తెలిసింది. పురుగుకు మేత ఎందుకని పారేశాను. మా సంఘం సమావేశంలో ఇదంతా చదివి వినిపిస్తాను.

సందేహి | ఆదివారం మధ్యాహ్నం 3:10

ఇది ఒప్పుకుంటున్నాను. కానీ పురుగు పురుగుగానే ఉంది. ఒక రకం జంతువు పూర్తిగా ఇంకో రకం జంతువు కావడానికి నడిమి రూపాలు ఉండాలి కదా. అవి ఎక్కడ?

పొరలు | ఆదివారం సాయంత్రం 5:20

చాలా ఉన్నాయి, ఒక్కటే చెబుతాను. ఈ కథ చెప్పకుండా నేను ఉండలేను.

తిమింగలం చేప కాదు, పాలిచ్చే జంతువు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. కాబట్టి దాని పూర్వీకులు నేల మీద తిరిగినవై ఉండాలి. అవి ఏవి? మన దేశపు భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూ కాశ్మీరులోని కాలాకోట్ దగ్గర కొన్ని పళ్లు, దవడ ముక్కలు సేకరించి 1971లో ఒక కొత్త జంతువుకు ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన తెచ్చిన రాళ్లలో చాలావరకు పగలగొట్టకుండానే ఉండిపోయాయి. ఆయన పోయాక భార్య ఆ రాళ్లను భద్రంగా దాచి, తిమింగలాల మీద పనిచేస్తున్న హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. అమెరికాలో ఆయన సహాయకుడు ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగినచోట లోపలి వైపు గోడ చాలా మందంగా కనిపించింది. అటువంటి చెవి అప్పటిదాకా తిమింగలాలకు, వాటి దగ్గరి బంధువులకు మాత్రమే ఉందని తెలుసు. 2007లో ఆ సంగతి ప్రచురించారు.

ఆ జంతువు పిల్లి అంత ఉంటుంది. సన్నని కాళ్లు, చివర గిట్టలు. సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. కాళ్ల ఎముకలు లోపల బోలుగా కాక బరువుగా ఉన్నాయి. నీటి అడుగున నడిచే జంతువులకు అలాంటి ఎముకలు ఉంటాయి. మన నల్లమలలో మూషిక జింక ఉంది కదా, నెహ్రూ జూలో పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు, చూడడానికి ఇండోహ్యూస్ దాదాపు అలా ఉండేది. ఆఫ్రికాలోని మూషిక జింక ఇప్పటికీ గద్ద నీడ పడితే నీళ్లలోకి దూకి దాక్కుంటుంది. ఇండోహ్యూస్ తిమింగలాలకు దాయాది. వాటి సొంత వరుసలో, పొరలు పైకి వస్తున్నకొద్దీ పాకిస్తాన్‌లో నాలుగు కాళ్ల పాకిసెటస్, ఈదగలిగిన ఆంబులోసెటస్, తర్వాత వెనకకాళ్లు కుంచించుకుపోయినవి వరుసగా దొరికాయి. తిమింగలానికి ఇప్పటికీ లోపల కటి ఎముక ముక్క మిగిలి ఉంది, దానికి కాళ్లు లేకపోయినా.

ఆ రాళ్లను ఆమె పారేసి ఉంటే? ఎక్కడ దొరికాయో రంగారావు గారు రాసిపెట్టుకోకపోయి ఉంటే? ఏ పొరలోదో తెలియని ఎముక మాకు దేనికీ పనికిరాదు. అందుకే అందరికీ నా విన్నపం, రాతిలో ఏదైనా కనిపిస్తే పెకలించకండి. పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫొటో తీయండి, చోటు గుర్తుపెట్టుకోండి, జియలాజికల్ సర్వేకి తెలియజేయండి.

రెండో షిఫ్టు | ఆదివారం సాయంత్రం 6:05

హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, పాపకు తప్పక చూపించండి. మా ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన ఎముకలే. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట పడి ఉన్నాయట. జియలాజికల్ సర్వేకి చెందిన యాదగిరి గారు 1988లో పేరు పెట్టారు. దాని కాళ్ల మధ్య నిలబడి పైకి చూసినప్పుడు నాకు మా పాత గని గుర్తొచ్చింది.

పొరలు | ఆదివారం సాయంత్రం 6:40

ఒక వివరం కలుపుతాను. కోటాసారస్ పుర్రె దొరకలేదు. అక్కడ చూసే తల దాని దగ్గరి బంధువులను బట్టి తయారుచేసింది. పిల్లలకు అది కూడా చెప్పాలి. ఆ ఎముకలు దొరికిన కోటా పొరల్లోనే డైనోసార్ల కాళ్ల కింద తిరిగిన చిట్టి క్షీరదాల పళ్లు దొరికాయి. అందులో ఒకదానికి హాల్డేన్ గౌరవార్థం కోటాథీరియం హాల్డేని అని పేరు.

చీకటి పిట్ట | ఆదివారం రాత్రి 8:30

రాళ్ల గురించి ఇంత చదివాక బతికున్న ఒకదాని గురించి రాయాలనిపించింది. కలివికోడి. మా కడప జిల్లా లంకమల చిట్టడవుల్లోని పక్షి. రాత్రి తిరుగుతుంది, పగలు పొదల నీడలో కదలకుండా ఉంటుంది. 1848లో శాస్త్రం దానికి పేరు పెట్టింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని రాసేశారు. 1986లో స్థానిక పక్షుల వేటగాడి సాయంతో అది మళ్లీ దొరికింది. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు, ఖాళీ మైదానం పనికిరాదు. ముళ్ల పొదలు, నడుమ కొంచెం ఖాళీ నేల, మేకలు నడిచేంత సందు. అటువంటి నేలను మనం బంజరు అంటాం. బంజరు కాబట్టి దున్నవచ్చు, తవ్వవచ్చు, ఏదైనా కట్టవచ్చు అనుకుంటాం. జీవవైవిధ్యం అంటే పులులూ ఏనుగులూ అనుకునేవాళ్లకు నేను ఆ ముళ్ల పొదలు చూపిస్తాను. లక్షల ఏళ్లలో ఆ పొదల కొలతకు తయారైన పిట్ట అది. పొదలు పోతే పక్క అడవికి వెళ్లి బతకదు. టీచరు గారు చెప్పిన చెట్టులో అది ఒక సన్నని కొమ్మ. పొరలు గారి రాళ్లలో ఒకసారి ఆగిపోయిన కొమ్మ పై పొరలో మళ్లీ కనిపించిన దాఖలా ఉందా? నేను నెలకు రెండు రాత్రులు అక్కడ కూర్చుంటాను. పదకొండేళ్లుగా దాని కూత వినలేదు. ఈ నెల కూడా వెళ్తున్నాను.

సందేహి | ఆదివారం రాత్రి 9:40

నా ప్రశ్నలు అయిపోలేదు, కానీ కొన్ని తీరాయి. గానుగెద్దు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొరలు గారూ, ఆ పులివెందుల శిలాద్రవం బయటికి కనిపించేచోటు ఉంటే నేనూ చూడాలనుకుంటున్నాను.

వాకిలి | ఆదివారం రాత్రి 10:15

మా అమ్మాయి ఇదంతా రెండుసార్లు చదివింది. ఫెర్న్ కాదని ఇప్పుడు బాధ లేదు. రేపు బడికి ఆ ఫొటోనే తీసుకెళ్తుంది, "ఇది ఎందుకు శిలాజం కాదు" అని చెబుతుందట. బండను గడప పక్కన వేయించమంది, మేస్త్రికి చెప్పాను. తన ప్రశ్న ఒకటి రాయమంటోంది: "మొక్క కాకపోతే రాయికి మొక్కలాగా కొమ్మలు ఎందుకు వచ్చాయి?"

వచ్చే ఆదివారం వేంపల్లె వెళ్దామనుకుంటున్నాం. పొరలు గారూ, ఏమేం తీసుకురావాలి?

పొరలు | ఆదివారం రాత్రి 10:40

నేనూ కడప నుంచి వస్తాను. సందేహి గారూ, మీరు కూడా రండి, మధ్యాహ్నం పులివెందుల వైపు వెళ్దాం.

పాప ప్రశ్నకు: తడి ఇసుక మీద చెంబుతో నీళ్లు పోసి అది ఎలా పారుతుందో చూడమనండి. ఎక్కడ కొంచెం దారి దొరికితే అక్కడ ఒక పాయ ముందుకు పోతుంది, ముందుకు పోయిన పాయకే మళ్లీ ఎక్కువ నీరు అందుతుంది. మాంగనీసు కూడా రాతి చీలికలో అలాగే ముందుకు సాగుతూ చీలుతుంది. కొమ్మలు వేయడానికి ప్రాణం ఉండనక్కర్లేదు. మిగతాది వేంపల్లెలో మాట్లాడుకుందాం.

సుత్తి వద్దు. భూతద్దం, స్కేలు, నోటు పుస్తకం, టోపీ. నీళ్ల సీసాలు తాగడానికి కావాల్సిన వాటికంటే రెండు ఎక్కువ తెండి. బండను తడిపితే వలయాలు బాగా తేలుతాయి.